ముప్పై ఓరెల లెక్క

సభాధ్యక్షులు, మన పొదుపు బ్యాంకు మేనేజరు హోకన్ గారికి, ముందు వరుసలోని డైరెక్టర్లకు, నలభై ఏళ్ళు నాతో ఆ మాడు కాఫీ తాగి కూడా బతికి బట్టకట్టిన సహోద్యోగులకు, మన హెల్లోయ దీవి పెద్దలకు, చేపల రేవు నుంచి బట్టలు మార్చుకోకుండా నేరుగా వచ్చేసిన టోర్‌లేవ్‌కు (వాసనను బట్టి చెబుతున్నాలే, కంగారుపడకు), అందరికీ నమస్కారం. (నవ్వులు)

"అర్న్‌ఫిన్ లెక్క ఏనాడూ తప్పలేదు" అని హోకన్ గారు ఇందాక మూడుసార్లు అన్నారు. నేను లెక్కపెట్టాను. పాడు అలవాటు, ఇవాళ్టితో ఉద్యోగం ముగిసింది, రేపటి నుంచి ఏం లెక్కపెట్టుకోవాలో తెలియడం లేదు. ఆ మాట మీద నాకు కాస్త అభ్యంతరం ఉంది, కొంచెం సేపాగి చెబుతాను. కేకు ఎక్కడికీ పోదు, తొందరపెట్టకండి.

అప్పు కోసం నా గదికి రాని ఇల్లు ఈ దీవిలో లేదు. ఎవరొచ్చినా నేను మొదట ఒక్క సంఖ్యే చూసేవాణ్ణి. ఏడాదిలోపు మీరు తీర్చి తీరవలసిన బాకీలన్నీ ఒక పక్క, ఈ క్షణాన మీ చేతిలోనూ బ్యాంకులోనూ ఉన్న రొక్కం ఇంకో పక్క. రొక్కాన్ని బాకీతో భాగిస్తే ఒక్క క్రోనె, అంటే నూరు ఓరెల బాకీకి మీ దగ్గర ఎన్ని ఓరెలు సిద్ధంగా ఉన్నాయో తేలిపోతుంది. నూరు ఓరెలూ ఎవరి దగ్గరా ఉండవు, ఉండనక్కర్లేదు. ఇరవైకి తగ్గితే మాత్రం కొత్త అప్పు లేదు పొమ్మనేవాణ్ణి. "గోదాము నిండా చేప ఉందయ్యా మహానుభావా!" అని బల్ల గుద్దేవాళ్ళు. "అమ్ముడుపోయాక అది రొక్కం, అందాకా అది చేప" అనేవాణ్ణి. "పోర్చుగల్ వ్యాపారి వచ్చే నెల పంపిస్తానన్నాడు" అనేవాళ్ళు. "అయితే వచ్చే నెలే రండి" అనేవాణ్ణి. నా వెనకాల నన్ను ఏమని పిలిచేవాళ్ళో నాకు తెలుసు. ఇక్కడ పిల్లలున్నారు కాబట్టి చెప్పను. (నవ్వులు)

ఇప్పుడు ఇంగ్వాల్ సంగతి. ఉలిక్కిపడకండి, ఆ పేరు ఈ హాలులో పలికి చాలా ఏళ్ళయిందని నాకూ తెలుసు. ఆయనది చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టే కర్మాగారం, నలభై ముగ్గురు పనివాళ్ళు. మీలో సగం మంది అక్కడ పనిచేసినవాళ్ళే. పంతొమ్మిదేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నా గదికి వచ్చాడు. నేల పాడవుతుందని బూట్లు గుమ్మం బయట విప్పేసి, ఉన్ని మేజోళ్ళతో లోపలికొచ్చి కూర్చున్నాడు. రెండో ఎండబెట్టే గది కట్టాలని ఆయన ఆశ.

"అర్న్‌ఫిన్, నాకు చేప తెలుసు, నీకు అంకెలు తెలుసు. కట్టమంటే కడతా, వద్దంటే నోరు మూసుకుని ఇంటికి పోతా. మొహమాటపడకు" అన్నాడు.

పది నిమిషాల్లో లెక్క కట్టాను. బ్యాంకు నిల్వ తొమ్మిది లక్షలు, ఏడాదిలోపు బాకీలు ముప్పై లక్షలు. క్రోనెకు ముప్పై ఓరెలు. "నిక్షేపంగా కట్టు" అని అప్పు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపిన ఊపుకు సాయంత్రం దాకా భుజం నొప్పి పుట్టింది.

పనివాళ్ళ జీతాల్లోంచి కోసిన పన్నును మన దేశంలో యజమాని ఒక బిగించిన ఖాతాలో దాచి ఉంచాలి. ప్రభుత్వానికి కట్టేదాకా అది ఆయన ఖాతాలోనే ఉంటుంది, కానీ ఆయన సొమ్ము కాదు, ముట్టుకుంటే నేరం. జమాఖర్చుల మొదటి పేజీలో మాత్రం అదీ మామూలు నిల్వా కలిసి ఒకే అంకెగా కనిపిస్తాయి. అందులో ఎంత బిగించిన సొమ్మో వెనక పేజీలో, ఏడో వరుసలో రాసి ఉంటుంది. ఇది బ్యాంకులో చేరిన మొదటి వారమే నేర్పే పాఠం. చాలామందికి నేనే నేర్పాను.

ఆ శుక్రవారం నేను వెనక పేజీ తిప్పలేదు.

ఎందుకంటారా? మంచు దివ్యంగా పడింది. మంచు మీద జారే స్కీలు అప్పటికే కారు మీద కట్టేసి ఉన్నాయి. మూడింటికల్లా కొండ మీది గుడిసెకు బయల్దేరాలి. ఇంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు, పంతొమ్మిదేళ్ళుగా వెతుకుతున్నాను. తొమ్మిది లక్షల్లో అయిదు లక్షల అరవై వేలు బిగించిన సొమ్ము. దాన్ని రొక్కంలోంచీ, అది ప్రభుత్వానికి బాకీ కూడా కాబట్టి బాకీల్లోంచీ తీసేస్తే మిగిలేవి పద్నాలుగు ఓరెలు. నేను వద్దనాల్సిన లెక్క అది.



మే నెలలో కొత్త గది అప్పు మొదటి వాయిదా ఉన్న కాస్త రొక్కాన్నీ తినేసింది. పోర్చుగల్ వ్యాపారి సొమ్ము ఆలస్యమైంది. జూన్ వచ్చింది. జూన్ అంటే చెప్పేదేముంది, ఏడాదంతా కూడిన వేసవి సెలవుల జీతం ఒకేసారి చేతికి రావలసిన నెల. ఆ జూన్‌లో నలభై ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. కర్మాగారం మూతబడింది. మూతబడిన చోట జీతాలకు పూచీపడే ప్రభుత్వ హామీ నిధి వాళ్ళు ఆ డబ్బు నవంబరులో ఇచ్చారు. నవంబరు వానలో వేసవి జీతం పెట్టుకుని ఎవరు ఎక్కడికి పోతారు?

(టోర్‌లేవ్: "సెలవులకు మాట్లాడుకున్న నా కారవాన్ బండి అడ్వాన్సు కూడా పోయింది!")

పోయింది నాయనా, నాకు తెలుసు. మరి ఆ కోపం ఎవరి మీద చూపించావు? ఉండు, నిన్ను అనడం లేదు. అందరూ అదే చేశారు, చేసేట్టు చేసింది నేను.

జూలైలో డైరెక్టర్ల సమావేశం పెట్టి, ఈ అప్పు ఎలా ఇచ్చావని నన్ను అడిగారు. ముందు రోజు సాయంత్రమే ఫైలు తీసి వెనక పేజీ చూశాను. ఏడో వరుస ఉంది, అంకె ఉంది, దాని కింద ఇంగ్వాల్ సంతకం ఉంది. ఆయన ఏదీ దాచలేదు. అయినా సరే లేచి నిలబడి ఏమన్నానో తెలుసా? "వాళ్ళిచ్చిన కాగితాలను బట్టే లెక్క కట్టాను" అన్నాను. అంతే. ఒక పెద్దాయన, ఇప్పుడు లేరు, "అయితే కాగితాల్లోనే ఏదో మతలబు ఉందన్నమాట" అన్నారు. కాదండీ అని నేను అనాలి. గ్లాసెడు నీళ్ళు తాగి కూర్చున్నాను. ఆ మతలబు మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది. శనివారం కల్లా ఇంగ్వాల్ ఈ దీవిలో దొంగలెక్కలు చూపినవాడైపోయాడు. పన్ను సొమ్ము కూడా మింగాడని అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదుగా అన్నారు. ఆ బిగించిన ఖాతా మన బ్యాంకులోనే ఉండేది కాబట్టి నాకు తెలుసు. మూతబడిన రోజున అందులో ఒక్క ఓరె కూడా తగ్గలేదు. ఇంట్లో వంటనూనెకు అప్పు చేసిన మనిషి దాన్ని ముట్టలేదు.

తర్వాతిది మీరంతా చూసిందే. రేవులో కాఫీ బల్ల దగ్గరికి ఆయన వస్తే మాటలు ఆగిపోయేవి. రొట్టె కొనడానికి ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టాడు, చివరికి ఇల్లే అక్కడికి మార్చుకున్నాడు. నన్ను చూస్తే మాత్రం ఎప్పుడూ టోపీ తీసేవాడు. "నువ్వేం చేస్తావులే, నీ లెక్క నువ్వు కట్టావు" అన్నాడొకసారి. నిజం నేనే దాచానని ఆయనకు అనుమానం కూడా రాలేదు. అయ్యో, తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

నాలుగేళ్ళ కిందట పోయాడు. ఖననం అయ్యాక కాఫీల దగ్గర, ఆయన గురించి ఎవరైనా నాలుగు మాటలు చెబుతారా అని పాదిరిగారు అడిగారు. ఒక్క కుర్చీ కూడా కదల్లేదు. నేను మూడో బల్ల దగ్గర కూర్చున్నాను. నాది కూడా కదల్లేదు.

ఆ రోజు లేవాల్సినవాణ్ణి ఇవాళ లేచాను. నా గురించి మంచి చెప్పే సభలో, పెన్షన్ ఖాయమయ్యాక లేచాను. దీన్ని ధైర్యమని ఎవరూ పొరపాటున కూడా అనకండి.

హోకన్ గారూ, ఇదిగో ఉత్తరం, దానితో వెనక పేజీ నకలు. ఆ మినిట్స్ దిద్దించి, కింద నా పేరు రాయించండి. ఇలాంటిదే ఇంకోటి పొద్దున్నే మన పత్రికకు పంపేశాను, కాబట్టి దాచి లాభం లేదు. మీరు బహూకరించిన ఈ గడియారం మీద "నలభై ఏళ్ళు, ఒక్క తప్పూ లేకుండా" అని చెక్కించారు. చాలా అందంగా ఉంది. దీన్ని ఈ బల్ల మీదే వదిలేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మారిట్, వంటగది గుమ్మంలో ఉన్నావని నాకు తెలుసమ్మా. ఈ బాదం కేకు తెచ్చింది ఇంగ్వాల్ కూతురని మీలో ఎందరికి తెలుసో! రొట్టెల దుకాణం మన దీవిలో పెట్టకుండా అవతలి ఒడ్డున ఎందుకు పెట్టిందో మాత్రం అందరికీ తెలుసు. చిన్నప్పుడు నన్ను బాబాయ్ అనేది. మీ నాన్న దొంగ కాదమ్మా. తప్పు నాది. క్షమించమని అడిగే మొహం నాకు లేదు, అడగను.

(మారిట్: "మా నాన్న దొంగ కాదని నాకు ఎప్పుడూ తెలుసు, అర్న్‌ఫిన్ గారూ. ఆ మాట నాకెందుకు చెబుతారు? మా అమ్మకు చెప్పండి. ఎనభై ఏడేళ్ళావిడ, ఇప్పటికీ ఈ దీవి వైపు కిటికీ తెర తియ్యనివ్వదు.")

(అర్న్‌ఫిన్ గోడ గడియారం వైపు చూశాడు)

ఏడు గంటల ఫెర్రీకి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. నా కోటు కాస్త ఎవరైనా అందిస్తారా? టోర్‌లేవ్, నువ్వా... నువ్వూ వస్తానంటావా? సరే, రా.

ఇంతసేపు ఓర్చుకుని విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. కేకు తినండి, అది చేసిన చెయ్యి నిజాయితీ గల ఇంటిది. ఇంగ్వాల్ భార్య నాకు తలుపు తీస్తుందో లేదో తెలియదు. వెళ్తున్నాను, సెలవు.