నికెలు పొడికి దిష్టి

కర్నూలు శివారులో వనస్పతి మిల్లు, 1956. శెనగనూనెను గడ్డకట్టించే నికెలు పొడి మళ్లీ పనిచేయడం మానేసింది. తొట్టి దగ్గర యజమాని దేవేంద్రప్ప, కెమిస్టు ఏసురాజు.

“మళ్లా సచ్చిందా నీ పొడి?”

“సావలేదు దేవేంద్రప్పా. ఊపిరాడక పడుండాది. రేణువు రేణువుకూ గంధకం అంటుకోనుండాది. నూనె తగిలేదానికి సందే లేదు.”

“నిన్న వదిలిస్తివి గదప్పా ఏసురాజూ?”

“కాలే కాలే హైడ్రోజన్ పంపించి వదిలించినా. కుళ్లిన గుడ్డు కంపు కొడతా పోయింది గంధకం. సాయంత్రానికి నూనె వెన్న మాదిరి పేరుకున్యాది. మీరే గదా రుచి చూసిండేది!”

“చూస్తి. పొద్దున కొత్తగా పోసిన నూనె మళ్లా నూనే! ఈ పొద్దు పేరుకోకుంటే పెట్టె సర్దుకో. కడప బస్సు మన గేటు ముందరే ఆగుతాది.”

“గంధకం యాడినుంచో వస్తాండాది. అది తెలిస్తే...”

“శెనక్కాయల్లో ఉంటాదా? నందికొట్కూరోళ్లు మందుగుండు పండిస్తాండారా?”

“కాయల్లో లేదు, చూసినా. తొట్టికాడికి ఎవురొచ్చినారు?”

“ఎవురూ రాలేదు.”

“ఎవురూ?”

“మా అమ్మ తప్ప ఎవురూ.”

“గిడ్డమ్మవ్వకు ఈడేం పని?”

“పనేముంటాదప్పా... పొద్దున్నే దిష్టి తీస్తాది. మిల్లు మీద ఊరి కండ్లుండాయి గదా.”

“దేంతో తీస్తాది?”

“ఎండుమిరపకాయలు, ఉప్పు...”

“ఇంకా?”

“పిడికెడు గంధకం. నిప్పులమీదేసి, తొట్టి మూత తీసి, పొగ బాగా పట్టిస్తాది.”

“నేను వదిలించేది, ఆమె పట్టించేది!”

“ఎగతాళి సేయాకు. గండికోట కాడ సచ్చిన ఎద్దుకు మా తాత గంధకం పొగేస్తే, అది లేసి రెండు సాళ్లు దున్ని, మేత తిని, మళ్లా సచ్చింది.”

“పొగెయ్యకుంటే ఆ మేతన్నా మిగిలుండు. మీకో దండం, అవ్వను మానెయ్యమని చెప్పండి.”

“నేనా? మా అమ్మకా? కెమిస్టు ఇంకొకడు దొరుకుతాడు, అమ్మ దొరకదు. పెట్టె సర్దుకోపో.”

“పోయేముందు నేనే ఒక మాట చెప్పి పోతా. అవ్వా! గిడ్డమ్మవ్వా! ఇట్ల రా!”

“ఏం నాయనా ఏసురాజూ? ఈ పొద్దు పొగ సాలలేదా?”

“పొగ శానా బాగుండాది. పెట్టే తావే తప్పు. ఊరి కండ్లు తొట్టి మీద కాదవ్వా, నీ కొడుకు మీద. మొగం ఎట్ల పీక్కపోయిందో చూడు.”

“ఏయ్, ఏసురాజూ!”

“నిజమే నాయనా! నా కండ్లు మండ, ఇన్నాళ్లూ పొగంతా తొట్టికే పట్టిస్తినే! రారా దేవేంద్రా, కూచో. ఇంక దినామూ నీకే. నోరు మూయొద్దు, లోపలికి బాగా పీల్చు.”

“అమ్మా, ఖళ్... వద్దే... ఏసురాజూ! కడప బస్సు వచ్చిందేమో చూడప్పా... నేనెక్కి పోతా!”