ఈ పన్ను పీకాలంటే కోర్టు ఆర్డరు కావాలి

బుగ్గ బూరెలాగా ఉబ్బింది, నిజమే. నర్సరావుపేట బస్సు నకరికల్లు సెంటరుకి వచ్చే టైమైంది, అదీ నిజమే. నా పన్ను పీకించందే ఇంటికి రానని మా ఆవిడ అనసూయ సంచి పట్టుకుని నిలబడింది, అది అంతకన్నా నిజం. అయినా మన్సూర్ భాయ్, ఇంకో టీ పొయ్యి. ఇది మామూలు పన్ను కాదు.

"పిప్పి పన్నేగా బాలకోటయ్యా?" అన్నాడు పక్కింటి రాఘవయ్య మామ.

పిప్పిదే. కానీ నా మొహంలో చూడదగ్గది ఇదొక్కటే మామా. ముందు పన్ను వెనకాల గద్దగోరు లాంటి కొమ్ము. లక్షమందిలో ఒకడికి ఉంటదంట. చిన్నప్పుడు సగం కొరికిన జామకాయ చూసే మా అమ్మ దొంగని పట్టేసేది. అప్పట్లో దీని విలువ తెలియక తన్నులు తిన్నా.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాపరాళ్ళు మోసీ మోసీ వేళ్ళ మీద గీతలు అరిగిపోయినయ్. రేషన్ మెషిన్లో పది వేళ్ళూ పెట్టా, పదిసార్లూ కాదంది. ఒళ్ళు మండి మెషిన్నే కొరికా. టక్కున చీటీ వచ్చింది!

"బియ్యం ఇచ్చారా?" అన్నాడు మన్సూర్.

కందిపప్పు కూడా! అది తెలిసి పోలీసోళ్ళు వచ్చారు. మాచర్ల కాడ క్వారీలో పలకలు పోతన్నాయంట. రోజుకి వెయ్యి పలకలు, ఒక్కోదాని మూల ఒక్కో గాటు పెట్టా. దొంగలు రాయి ముట్టుకుంటే ఒట్టు.

"రాతి మీద పంటి గాటేందిరా?"

నానబెట్టి కొరికాలే మామా. అసలు సంగతి ఎత్తిపోతల జలపాతం కాడ జరిగింది. మొసలి నా కాలు పట్టింది, నేను దాని తోక పంటితో పట్టా. రెండు గాట్లూ ల్యాబుకి పంపారు. రిపోర్టేంది? తోక మీదది మొసలి గాటు, కాలి మీదది బల్లి గాటు! ఇప్పుడు చెప్పండి, ఇది పన్నా, సాక్ష్యమా? మొన్న పోతే అందుకే డాక్టరు చేతులు జోడించాడు. కోర్టు ఆర్డరు లేకుండా ముట్టుకోనన్నాడు.

రాఘవయ్య మామ నవ్వలేదు. ఫోను తీశాడు.

"మొన్న నర్సరావుపేటలో ఎవడో పంటి డాక్టరు వేలు కొరికి, కుర్చీలోంచి దూకి పారిపోయాడంట. కుర్చీ ఎక్కేముందు చీటీలో నా పేరూ, నా నంబరూ రాయించాడు. పొద్దుటి నుంచీ ఆ డాక్టరు నన్ను తిడతన్నాడు. ఇదిగో, వేలు ఫోటో."

అందరూ తొంగి చూశారు. ముందు పంటి గాటు, దాని వెనకాల గద్దగోరు గాటు. తర్వాత మామ తన నోరు బార్లా తెరిచి చూపించాడు. మందుకి కూడా ఒక్క పన్ను లేదు.

"లక్షమందిలో ఒకడన్నావుగదయ్యా," అంది అనసూయ, వచ్చి ఆగిన బస్సుకేసి నన్ను నెడుతూ. "ఆ ఒక్కడూ ముందు డాక్టరు కాళ్ళు పట్టుకోవాలి. ఎక్కు."

ఎక్కా. బస్సు కదిలినా మామ కిటికీ పట్టుకుని పరిగెత్తుతా అరుస్తున్నాడు:

"ఒరేయ్! ఈసారన్నా నీ పేరు రాయించు!"