మెత్తబడిన డ్రాగన్

బల్ల మీద పాచికలు, రాక్షసుల బొమ్మలు, చల్లారిన టీ. ఆట నడిపే అన్నకి ఎదురుగా చెల్లెలు కూర్చుంది.

"ఈ ఆట పాత ఎడిషన్‌లో ఈ డ్రాగన్ ఒక్కసారి నిప్పు ఊదితే అందరం బూడిదయ్యేవాళ్ళం అన్నయ్యా. ఇప్పుడేంటి, గొంతు సవరించుకుని మరీ, మేం పారిపోయేదాకా ఆగుతోంది?"

"దాన్ని బ్యాలెన్స్ అంటారే, ఎవరి బలమూ మరీ ఎక్కువ కాకుండా. కొత్త ఎడిషన్‌లో రాక్షసులందర్నీ మార్చేశారు."

"అందర్నీనా? ఇందాక నా విలుకాడిని బుడంకాయంత గోబ్లిన్ ఒక్క పోటుతో చంపేసిందిగా!"

"అదా... అదింకా మార్చలేదు."

"పోయినసారి డ్రాగన్ చేతిలో చచ్చింది వదిన ఆడే మంత్రగత్తే కదూ?"

"ఊఁ. వారం రోజులు నాతో మాట్లాడలేదు."

"ఏదీ, ఆ కొత్త ఎడిషన్ రూల్స్ పుస్తకం ఇలా ఇవ్వు."

"ఇంకా కొనలేదు."

"మరి డ్రాగన్‌ని మార్చిందెవరు?"

"మెల్లిగా మాట్లాడవే! మీ వదిన పక్కగదిలోనే ఉంది."