మత్తడి ఎక్కిన పిల్లచేపలు

మోత్కూర్ రోడ్డు మీది చాయ్ హోటల్ గోపమ్మది. చెరువు నిండి మత్తడి మీంచి నీళ్లు దుంకుతున్న చప్పుడు ఆ సాయంత్రం అక్కడిదాకా వినిపిస్తోంది. ఐలేశం వల భుజాన వేసుకుని వచ్చాడు. వల పట్టడానికి అతనికి రెండో మనిషి కావాలి. గోపమ్మ మొగుడు యాదగిరి అప్పటికే అతని పక్కకు జరిగి కూర్చున్నాడు. గోపమ్మ చాయ్ వడపోస్తూ మొగుణ్నే చూస్తోంది.

“నిరుడు మొదటి వరదకు చూడాలె తమ్మీ,” అని ఎత్తుకున్నాడు ఐలేశం. “ఎండకాలమంత వాగు మడుగులల్ల దాసుకున్న పిల్లచేపలు చెర్వుకు ఎదురెక్కుతున్నయి. మత్తడి కాడ ఎగురుతయి, పడ్తయి. పాపమనిపించి ఒకదాన్ని దోసిట్ల పట్టి అవుతలేసిన. అదేం జేసిందో ఎరికేనా?”

“ఈదుకుంట పోయుంటది,” అన్నాడు ఎదురు బల్ల మీది మల్లన్న.

“పోలే! మర్లి వచ్చి తన జాతినంత పిల్చింది. నన్ను నిచ్చెన అనుకున్నయి. మోకాలు, నడుము, భుజం, నెత్తి మీంచి చెర్వుల దుంకుడే! బారు ఎంత పొడుగనుకున్నవ్? తోక వాడపల్లిల, కృష్ణ ఒడ్డున!”

“జర తగ్గియ్యి అన్నా,” అన్నాడు మల్లన్న.

“తగ్గిస్తె అబద్ధమైతది! అటెనక ఏమైందో ఎరికేనా? కాలు జారింది. వరద నన్ను గుంజుకపోతాంది. గా పిల్లలన్ని నా కింద పరుపు లెక్క పర్చుకున్నయి. గుట్టంత నీళ్లకు ఎదురు మోసుకపోయినయి. వాటి తోకల ఊపుకు వరదే ఎనుకకు మళ్లి వాగుల ఇసుక తేలింది! నన్ను ఇంటి కడప కాడ దించి, మా ఆడామెను లేపి మరీ పోయినయి.”

యాదగిరి నవ్వుతూ లేచాడు. “పా అన్నా, పొద్దు గూకకముందే దిగుదం.”

గోపమ్మ జాలీ కింద పెట్టి ఐలేశం వైపు తిరిగింది.

“బావా, మత్తడి మీద వలతోని ఒక్కలే ఎవ్వరు దిగరు. ఇద్దరి నడుములకు ఒక్కటే తాడు కడ్తరు. నిరుడు నీ తాడు రెండో కొసకు లీలమ్మ మొగుడు శివకృష్ణ ఉండె. నీ కథల ఆయన ఏడున్నడు?”

ఐలేశం వల సర్దుకోసాగాడు.

“వరద తీసినంక తుమ్మకంపల దొరికిండు. పీనుగుకు నీళ్లు పోసినోళ్లల్ల నేను గూడ ఉన్న. తాడు నడుముకే ఉండె. కొస పీచులు లేచి తెగలే బావా, కత్తితోని కోసినట్టుండె. లీలమ్మకు చెప్పనీకె నోరు రాక ఊకున్న.”

“చేపలు కొరికినయి,” అన్నాడు ఐలేశం.

ఎవరూ నవ్వలేదు. యాదగిరి నెమ్మదిగా వెళ్లి మల్లన్న పక్కన కూర్చున్నాడు.