ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క రిమార్కు

పందొమ్మిది వందల తొంభై ఒకటి, జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు మన వాహన కాలుష్య పరీక్షా కేంద్రంలో సహాయకునిగా చేరిన మా సీనియర్ ఇన్‌స్పెక్టరుగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు ఈ కేంద్రానికి ఒక రేకుల షెడ్డు, పొగ కొలిచే యంత్రం ఒకటి, కుర్చీలు రెండు మాత్రమే ఉండేవనీ, వాటిలో ఒకదానికి మూడే కాళ్లనీ, కొత్తగా చేరినవారికి ఆనవాయితీగా ఆ కుర్చీయే దక్కేదనీ వారు చెప్పగా విన్నాను. వారి గురించి నాలుగు మాటలు రాయమని వీడ్కోలు సంచిక కమిటీ నన్ను ఆదేశించింది. వారి కింద పన్నెండేళ్లు పనిచేసిన నాకు నాలుగు మాటల్లో ముగించడం సాధ్యపడలేదు.

మొదటి ఆరేళ్లు ద్విచక్ర వాహనాల విభాగంలోనూ, అనంతరం కార్ల విభాగంలోనూ సేవలందించి, రెండువేల నాలుగులో వారు ప్రధాన తనిఖీ బాధ్యతలు స్వీకరించారు. ప్రతి ఉదయం మొదటి బండి లోపలికి రాకముందే యంత్రాన్ని స్వచ్ఛమైన గాలితో నడిపి, ముల్లు సున్నా మీద నిలిచేదాకా గేటు తెరవనివ్వరు. బయట ఎన్ని హారన్లు మోగినా సరే. అందుకే సిబ్బంది అందరికీ వారు 'సున్నా సారు'. ఈ పేరు వారికి తెలియదని మేమూ, తెలిసినట్టు మాకు తెలియదని వారూ ఇన్నేళ్లు నటించుకుంటూ వచ్చాం. వారి శ్రీమతిగారు మాత్రం, "బజారుకి పంపినా అంతే బాబూ. తక్కెడ ముల్లు చూడందే ఉల్లిపాయలు కూడా తీసుకోరు" అని ఒకసారి నవ్వుతూ అన్నారు.

వాహనదారుల చేతి టీ తాగకపోవడం, వారి బండిలో ఎక్కి ఇంటికి వెళ్లకపోవడం వారి నియమాలు. దాదాపు మూడు దశాబ్దాలు కార్లు పరీక్షించిన మనిషి రోజూ బస్సులోనే వచ్చి బస్సులోనే వెళ్లారు. ఇంకొక అలవాటు కూడా ఉంది. ఇంజిన్ మార్చిన బండి వస్తే, ఇంజిన్ మీద చెక్కిన నంబరుపై పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది, పడిన అచ్చును ఆ ఏటి కట్టలో భద్రపరుస్తారు. ఆ అచ్చు చూసే రిజిస్టరులో నంబరు ఎక్కించాలి. కంప్యూటర్లు వచ్చాక ఇదంతా చాదస్తమని చాటున నవ్వుకున్నవారిలో నేనూ ఉన్నాను.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒక లెక్కల టీచరమ్మగారు తన తండ్రిగారి పాత కారుతో వచ్చారు. ఆ కారు వయసు నాకంటే ఎక్కువ. లేత్ మేస్త్రీ అయిన ఆ తండ్రిగారు, అసలు ఇంజిన్ అరిగిపోయాక, దానికంటే ఎంతో కొత్తదైన మరో కారు ఇంజిన్ ఒకటి కొని స్వయంగా అందులో అమర్చుకున్నారు. అప్పటినుంచి పదకొండేళ్లుగా ఏటా పరీక్ష నెగ్గుతూ వచ్చిన ఆ కారును ఈసారి కొత్త కంప్యూటరు పట్టుకుంది. ఇంజిన్ మీద ఉన్న నంబరు వేరు, మన రికార్డులో ఉన్న నంబరు వేరు. అనుమానాస్పద ఇంజిన్ అని నోటీసు వచ్చింది. ముప్పై రోజుల్లో రుజువు చూపి, పరీక్ష కూడా నెగ్గాలి. లేకపోతే రిజిస్ట్రేషను రద్దు, కారు తుక్కుకు.

"మా నాన్న దొంగ ఇంజిన్ వేసుకునే మనిషి కాదు సార్. ఇంజిన్ మార్చానని ఇక్కడే కాగితం ఇచ్చానన్నారు. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి ఆయన లేరు" అన్నారు టీచరమ్మగారు, నోటీసు మడతలు సరిచేస్తూ.

"ఇచ్చుంటే ఇక్కడే ఉంటుందమ్మా. ఈ బీరువాలోంచి కాగితాలు బయటికి పోవు. మేమే పోతాం" అన్నారు సారు.

మధ్యాహ్నానికల్లా ఆ ఏటి కట్ట దొరికింది. పెన్సిలు అచ్చులో కొత్త ఇంజిన్ నంబరు, గ్రీజు మరకల మధ్య, చదవడానికి వీలుగానే ఉంది. పక్కన రిజిస్టరు తెరిచాం. అందులో మాత్రం పాత నంబరే ఉంది. అచ్చు చూసి ఎక్కించవలసినవాడు, పక్కనే తెరిచి ఉన్న బండి ఆర్సీ పుస్తకం చూసి ఎక్కించేశాడు. నంబరు మారిందని చెప్పడానికే వచ్చిన మనిషి ఎదుట, మారని నంబరు రాశాడు. దాంతో ఆ కారు ఇన్నేళ్లూ పాత ఇంజిన్లకున్న సులువైన పొగ పరిమితి కిందే నెగ్గుతూ వచ్చింది.

ఆ నంబరులోని ఏడు అంకెకు నడుము మీద అడ్డగీత ఉంది. ఈ కేంద్రంలో ఏడును అలా రాసేది నేనొక్కణ్నే. కింద సంతకం సారుది.

వారు ఆ అంకెను చూశారు, నన్ను చూశారు, రిజిస్టరు మూశారు.

"సార్, రాసింది..." అన్నాను.

"రాసిందెవరని ఈ ఫారంలో గడి లేదయ్యా. సంతకానికే ఉంది" అన్నారు.

పొరపాటు తనదేనని పై అధికారికి వారే లేఖ రాశారు. విరమణకు అయిదు నెలల ముందు, మచ్చలేని సర్వీసు పుస్తకంలో 'అజాగ్రత్త' అనే రిమార్కు పడింది. ఆ వారం నా ప్రమోషను ఫైలు అదే అధికారి బల్ల మీద ఉంది. ఆ సంగతి సారుకూ తెలుసు, నాకూ తెలుసు. నేను నోరు విప్పలేదు.

రుజువైతే దొరికింది గానీ, ఇక ఆ కారు కొత్త ఇంజిన్ల కఠినమైన పరిమితికి లోబడి నెగ్గాలి. మొదటి ప్రయత్నంలో వెంట్రుకవాసి తేడాతో ఫెయిలయింది. ఇంత నష్టపోయిన మనిషి కనీసం ఆ వెంట్రుకవాసి చూసీ చూడనట్టు వదిలేస్తారని ఆశించాను.

"తగ్గించి రాస్తే ఇదీ తప్పు రాతే అవుతుందమ్మా. ఒకటి చాలు" అన్నారు టీచరమ్మగారితో. "సైలెన్సరు జాయింటు దగ్గర గాలి లీకవుతోంది, బాగు చేయించండి. ఇంకోటి, మీ ఇల్లు రెండు వీధుల అవతలే కదా. ఇంజిన్ వేడెక్కకుండానే వచ్చేస్తున్నారు. ఈసారి ఊరంతా ఒక చుట్టు చుట్టి రండి."

ఇరవై ఎనిమిదో రోజున, ముక్కాలు గంట ఊరు చుట్టి, ఆ కారు వచ్చింది. మిగతా వరుసల్లో పని ఆపి అందరం చేరాం. అంకెలు దిగుతూ దిగుతూ పరిమితికి లోపల ఆగాయి. టీచరమ్మగారు స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చేశారు. సారు పత్రం మీద సంతకం చేసి, "తర్వాతి బండి" అని కేకేశారు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని ఆవిడ, "మీరు రిటైరయ్యే రోజు ఇంటిదాకా నేను దింపుతాను సార్" అన్నారు.

"ఐదింటిదాకా నేను ఉద్యోగినమ్మా. దాటాక రండి."

నా ప్రమోషను ఉత్తర్వు వచ్చింది. ఒకటో తేదీ నుంచి వారి కుర్చీలో నేను కూర్చోవాలి. ఆ కుర్చీని తలుచుకుంటేనే సిగ్గుగా ఉంది. అందుచేత ఈ వ్యాసంతో పాటు మరో కాగితం కూడా రాసి, నిన్న ఉదయం పై అధికారికి అందజేశాను. ఆ నంబరు రాసింది నేననీ, రిమార్కును వారి పుస్తకం నుంచి తొలగించి నా పుస్తకంలో నమోదు చేయాలనీ అందులో విన్నవించాను. ప్రమోషను నిలుస్తుందో లేదో తెలియదు. సారుకు చెబితే వద్దంటారని చెప్పలేదు. మీ అందరితో పాటు వారూ ఈ సంగతి ఇక్కడే చదువుతున్నారు.

సార్, ముప్పై ఒకటో తేదీ ఐదు దాటాక ఆ కారు గేటు ముందు ఉంటుంది. మీ ఇంటి నుంచి అమ్మగారిని కూడా పిలిచాం. ఈసారి మీరు ఏమీ పరీక్షించకుండా ముందు సీట్లో కూర్చోండి. ఇంజిన్ వేడెక్కేదాకానే కాదు, మనసు తీరేదాకా ఊరంతా తిరగండి. నిండు ఆరోగ్యంతో, అమ్మగారి తోడుతో, మీరు నూరేళ్లు హాయిగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. పైన రాసిందంతా నా చేతిరాతే. కింద సంతకం కూడా నాదే.