కాంట్రాక్టరు కూతురి గుర్రం

అలా చూడకండి సార్, నేనేం రాక్షసిని కాదు. నా గుర్రాలశాలలో ఉంచుకుని మేత పెట్టింది నేను. లాడాలు కొట్టించింది నేను. కడుపునొప్పితో దొర్లుతుంటే డాక్టర్ని పిలిపించిందీ నేనే. బాకీ తీరేదాకా గుర్రాన్ని ఆపుకునే హక్కు నాకుందని మీ చట్టమే అంది. తీరకపోతే వేలం వేయించుకోవచ్చని కూడా అదే అంది. నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు.

మీరు కోర్టు మనిషి, తీసుకెళ్ళడానికొచ్చారు. తీసుకెళ్ళండి. ఆ చివరి గదిలో ఉంది, గోధుమరంగుది. భయపడకండి, కరవదు.

ఎవరిదంటారా? కాగితంలో కాంట్రాక్టరు గారిదని ఉంది. అసలైతే వాళ్ళమ్మాయిది. బడి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేది, బూట్లయినా మార్చుకోకుండా. దాని జూలుకి జడలు వేసేది. "అత్తా, మా అమ్మ మాట నేను వినను గానీ, నా మాట ఇది వింటుంది" అని నవ్వేది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చారు. మరి ఇంటికి రాలేదు.

తర్వాత ఆ పిల్ల తల్లి గుర్రాన్ని అమ్మేయమంది. పిల్ల బట్టలూ పుస్తకాలూ అన్నీ ఎవరికో ఇచ్చేసిందట. తప్పనను. ఎవరి బాధ వాళ్ళది. ఈయనేమో ఆవిడకి ఎదురు చెప్పలేడు. ఏం చేశాడో తెలుసా? నాకు డబ్బు కట్టడం మానేశాడు.

లేక కాదు సార్. నేనూ మొదట లేకే అనుకున్నా. ఒకరోజు నిలదీశాను. దాని మెడ నిమురుతూ, "అక్కా, బాకీ ఉన్నంతకాలం దీన్నెవరూ ఇక్కణ్ణించి కదిలించలేరు కదా" అన్నాడు. ఇంట్లోనూ అదే చెప్పాడట, శాల ఆవిడ వదలట్లేదని.

సరేలే అని ఊరుకున్నా. ఎంతకాలమని ఊరుకోను? గడ్డి వ్యాపారి బండి ఆపేశాడు. మిగతా గుర్రాల నోటి దగ్గరది లాగి దీనికెలా పెట్టను? నోటీసు పంపాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కోర్టుకెళ్ళాను.

ఇవాళ పొద్దున వచ్చాడు. సంచిలో డబ్బంతా తెచ్చాడు. ఎప్పుడూ లేనిది, మీరు కూర్చున్న ఆ స్టూలు మీదే కూర్చున్నాడు.

"తీసుకో అక్కా. వేలం ఆపించు. ఇంకో ఏడాది ఉంచు."

గడువు దాటిపోయింది తమ్ముడూ, అన్నాను.

అవున్లెండి, గడువు దాటలేదు. మీరొచ్చి తాడు పట్టుకునేదాకా కట్టొచ్చని మీ ఆఫీసులోనే చెప్పారు, గుర్తుంది.

మరి దాటిందని ఎందుకన్నానంటారా? ఏం చెప్పను? రోజూ వచ్చి ఆ గది ముందు నిలబడతాడు. కూర్చోమంటే కూర్చోడు. మంచినీళ్ళిస్తే తాగడు. పనులన్నీ వేరేవాళ్ళకి వదిలేశాడట. ఇంకో ఏడాది ఉంచితే ఇంకో ఏడాది నిలబడతాడు. అంతే కదా.

నేను కాదన్నానని ఏడవలేదు. సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి, ఆ శాల మనిషి అమ్మేసిందని చెప్పుకుంటాడు. చెప్పుకోనీ.

మీరూ అలాగే రాసుకుంటారా? రాసుకోండి. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి సార్, మిగతావాటికి మేత వేళైంది.