బైండరు చదివిన డిటెక్టివ్ నవలలు

“మీ పిన్ని పోయాక ఈ డిటెక్టివ్ నవలలు రాసేవాళ్లలో ఒక్కడికీ బుర్ర పనిచెయ్యడం లేదు.”

అద్దె పుస్తకాల షాపులో కౌంటరు మీద నాలుగు పుస్తకాలు పెట్టి బైండరు అన్న మాట ఇది. ఆ షాపు పుస్తకాలకి ముప్పై ఏళ్లుగా అట్టలు కడుతున్నది అతనే. కౌంటరు వెనకున్నామె షాపు పెట్టినాయన కూతురు. అతన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అంటుంది, అతని భార్యని పిన్ని అనేది. పిన్ని పోయి ఎనిమిది నెలలైంది.

“కూర్చోండి బాబాయ్.”

“కూర్చోడానికి రాలేదు. ఈ నాలుగూ తీసుకో. ఈ వారం కుట్టాల్సిన కట్ట ఇటివ్వు, పోతాను.”

“ఈ నాలుగూ మీ దగ్గరున్నాయా? వెనక బల్ల మీంచి తీసుకెళ్లారా?”

“అవును. నువ్వు ఎవరితోనో ఫోనులో ఉన్నావు. ఎందుకు, తీసుకెళ్లకూడదా?”

“అవి ఇచ్చేవి కావు. వాపసొచ్చినవి.”

“వాపసు రాక ఏమవుతాయి. నేనే తెచ్చిచ్చాను చూడు. కట్ట ఏదీ?”

“చూస్తాను ఉండండి. అప్పుడే నాలుగూ చదివేశారా?”

“చదవక ఇంట్లో ఇంకేముంది నాకు? భూతద్దం పెట్టుకుని రోజుకి ముప్పై పేజీలు. మీ పిన్ని తన కార్డు మీద తెచ్చి ఇంట్లో ఉంచిన పదకొండూ ముందే అయిపోయాయి. వాటి సంగతి వేరు. ఆ నర్సు కథ ఉందే, అదీ పుస్తకమంటే. మందులో విషం కలిపిందెవరో నాకు సగానికి ముందే తెలిసిపోయింది. శవాన్ని చూసి అందరికంటే ముందు ఏడ్చిందెవరో చూసుకుంటే చాలు. తెలిసినా చివరిదాకా చదివించాడు. లాంచీలో హత్య, అదీ పరవాలేదు. ఆ డిటెక్టివు పనిలేనివాడిలా ఎప్పుడూ కిటికీ దగ్గరే నిలబడి ఉంటాడు. అయినా అల్లిక గట్టిది. ఎక్కడా వదులు లేదు.”

“మీరు ఒకదాన్ని మెచ్చుకోవడం ఇదే వినడం బాబాయ్.”

“మెచ్చుకోలేదు. పరవాలేదన్నాను. తప్పులు అన్నింట్లోనూ ఉన్నాయి. మనిషి చచ్చిపోతాడు, మూడో పేజీకల్లా ఇంటిల్లిపాదీ కాఫీలు తాగుతుంటారు. పోయినవాళ్ల చెప్పులు గుమ్మం దగ్గరే ఉంటాయి కదా, వాటినేం చేశారో ఒక్కడూ రాయడు. డిటెక్టివుకి పెళ్లాం ఉండదు. ఏ పుస్తకంలోనూ ఉండదు. అందుకే వాడికి అన్నీ తెలుస్తాయి.”

“అది నిజమే.”

“ఇంకోటి. వాడొచ్చి అందర్నీ హాల్లో కూర్చోబెట్టి అడుగుతాడు. అడిగినదానికల్లా అందరూ చెప్పేస్తారు. ఏ కొంపలో చెప్తారలా? మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఆవిడ మొహం ఎప్పుడూ పుస్తకంలో. ఏముంది అందులో అని ఒకసారి అడిగాను. హంతకుడెవరో ఇంకా తెలీలేదండీ అంది. అంతే. మొగుడికి దొరికిన జవాబు అది.”

“అందుకేనా మీరు ఇవి చదవడం మొదలెట్టింది?”

“మరెందుకు? ముప్పై ఏళ్లు కుట్టాను, ఒక్కటి తెరిచి చదివిన పాపాన పోలేదు. నన్ను వదిలేసి పట్టుకు కూర్చోడానికి వీటిలో ఏముందో చూద్దామని మొదలెట్టాను. ఏమీ లేదు. కట్ట ఇటివ్వు అమ్మాయ్, ఎండెక్కుతోంది.”

“ఈ వారం ఎక్కువ రాలేదు బాబాయ్.”

“రెండైనా ఇవ్వు. చేతులు ఊరికే ఉండటంలేదు.”

“చూస్తానన్నాను కదా.”

“చూడు. ఈలోగా ఇది విను. ఈ ఎర్రట్టది. ఇందులో ఒక వకీలు. ఉన్నట్టుండి తలుపు బద్దలుకొడతారు, లోపల వకీలు చచ్చి పడున్నాడు. సరే, బాగుంది అనుకున్నాను. పోలీసులొచ్చారు, శవాన్ని బండెక్కించారు. ఆ వెంటనే చూస్తే అదే వకీలు వరండాలో కూర్చుని వీలునామా మార్చి రాస్తానంటున్నాడు. కల అనుకున్నాను. కల కాదు. చాలాసేపు మాట్లాడి, చేతికర్ర తీసుకుని షికారుకి కూడా వెళ్లాడు. ఆ తర్వాత మళ్లీ శవపరీక్ష.”

“వాపసిచ్చేటప్పుడు లెక్కల టీచరుగారు కూడా అడిగారు, ఇది డిటెక్టివ్ కథా, దెయ్యాల కథా అని.”

“చూశావా, నాకొక్కడికే కాదు. ఈ నీలం దాంట్లో ఇన్‌స్పెక్టరు డ్రైవరుకి బేడీలు వేసి జీపెక్కిస్తాడు. ఎక్కించి, వాడింటికెళ్లి, నీ పేరేంటి, ఎక్కడ పనిచేస్తున్నావు అని అడుగుతాడు. ఆ పచ్చదాంట్లో హంతకుడు దొరికిపోయాక హత్య జరిగింది. నాలుగోది అసలు చెప్పక్కర్లేదు. మా ఊరి బడిలో అయిదు దాకా చదివినవాణ్ని, నాకే ఇన్ని కనిపిస్తున్నాయి. ఇంతింత చదువుకుని రాసేవాళ్లకి కనిపించవా? మీ పిన్ని అదృష్టవంతురాలు, ఇవి చదవకుండా పోయింది.”

“పోనివ్వండి బాబాయ్. నాలుగూ లోపల పెట్టేస్తాను.”

“లోపల పెట్టడమేంటి? అచ్చువేసినవాళ్లకి ఉత్తరం రాస్తాను. అడ్రసు మొదట్లో చిన్నక్షరాల్లో ఉంటుంది, చూసి చెప్పు.”

“వద్దు. రాయకండి.”

“ఎందుకు వద్దు?”

“వద్దన్నాను కదా. వాళ్ల తప్పు కాదది.”

“వాళ్ల తప్పు కాకపోతే నీ తప్పా?”

“మీరు పేజీల నంబర్లు చూశారా?”

“కథ చదివేవాడు నంబర్లు చూస్తాడా? నంబర్లు చూసుకోవాల్సింది బైండరు.”

“బాబాయ్.”

“ఏంటి?”

“భూతద్దం ఉందా?”

“జేబులో ఉంది.”

“ఎర్ర పుస్తకం ఇలా తెరవండి. ఇదిగో, ఈ కింద మూల. ఎంతుంది?”

“నూట పన్నెండు.”

“ఎదురు పేజీ?”

“నూట... ఇరవై తొమ్మిది.”

“అదీ సంగతి.”

“ఫారం అటుదిటయింది. పదహారు పేజీలు ఇక్కడుండాల్సినవి వెనక్కి పోయాయి. ఎవడు కుట్టాడిది?”

“ఈ షాపుకి ఇంకెవరు కుడతారు?”

“నీలంది?”

“నాలుగూ అంతే.”

“ఇలా ఇవ్వు. వెన్ను గుడ్డ నాదే. అవును, నేను కుట్టిందే. మనిషి పోయిన ఇల్లు, ఒంటరి చెయ్యి. సూదిలో దారం ఎక్కించుకోడానికే పూట పడుతోంది. ఎనిమిది నెలలు ఎలా గడిచాయో నాకే తెలీదు. ఆవిడ ఉండగా ఒక్కటంటే ఒక్కటి ఇలా నీ బల్ల మీదికొచ్చిందా? చెప్పు.”

“రాలేదు.”

“అదీ. మనసు కుదుటపడితే అదే సర్దుకుంటుంది. కట్ట ఇవ్వు.”

“కట్ట లేదు బాబాయ్. వంతెన అవతల బైండరుకి ఇచ్చేశాను.”

“వాడికా? వాడు పైకుట్టు వేస్తాడు. అట్టు మీద అట్టు పెట్టి మేకు కొట్టినట్టు. పుస్తకం సగం కూడా తెరుచుకోదు. నేను ఫారం ఫారం విడదీసి కుడతాను, చాపలా పరుచుకుంటుంది. ఎనిమిది నెలల తప్పుకి ముప్పై ఏళ్ల పని తీసేస్తావా? మీ నాన్న ఉంటే తీసేవాడా?”

“ఎనిమిది నెలలు కాదు.”

“ఏంటి?”

“మూడేళ్ల పైమాటే.”

“ఇప్పుడే కదా రాలేదన్నావు.”

“బల్ల మీదికి రాలేదన్నాను. పిన్ని రానివ్వలేదు.”

“సరిగ్గా చెప్పు.”

“చెప్పనని మాటిచ్చాను.”

“చచ్చిపోయినావిడకి. చెప్పు.”

“మీరు కుట్టిన కట్ట ఇక్కడికి మోసుకొచ్చేది పిన్నే కదా. వచ్చీరాగానే అన్నీ తన కార్డు మీద రాయించుకుని మళ్లీ ఇంటికి పట్టుకెళ్లేది. చదివి, వరస తప్పినవి పక్కన పెట్టేది. మధ్యాహ్నాలు ఇక్కడికొచ్చి, ఈ వెనక గదిలో కూర్చుని, వెన్ను విప్పి, ఫారాలు సర్ది, మళ్లీ కుట్టి, మీ అట్టలోకే దించేది. తర్వాతే ఎవరికైనా ఇవ్వనిచ్చేది.”

“మధ్యాహ్నాలు కూడా ఇక్కడ కూర్చుని నవలలు చదువుతోందనుకున్నాను.”

“మీరలా అనుకుంటున్నారని తనకి తెలుసు.”

“అబద్ధం. వరస చూడ్డానికి నంబర్లు చాలు. మొదటి నుంచి చివరిదాకా చదవడం దేనికి?”

“నంబర్లుంటే కదా బాబాయ్. అంచులు కోసేటప్పుడు మీరు మరీ లోపలికి కోసేసేవారు. సగం పుస్తకాలకి నంబర్లే ఉండేవి కావు. కథ చదివితే తప్ప ఏ ఫారం ముందో, ఏది వెనకో తెలిసేది కాదు.”

“నేను అంత లోపలికి కొయ్యను.”

“మీరు పరవాలేదన్న ఆ నర్సు పుస్తకం ఇదిగో. ఏ పేజీకైనా కింద నంబరుందేమో చూడండి.”

“చూడను.”

“పోనీ ముట్టుకోండి. ఫారం మధ్యలో దారం ఉంది, ముడి ఉంది. ఆ ముడి మీరు వేసిందో కాదో మీ వేళ్లకి తెలీదా?”

“ఇలా తే.”

“ఎలా ఉంది?”

“ఎడమచేతి ముడి.”

“పిన్నిది ఎడమచేతి వాటమే కదా.”

“నాకు చెప్తావా? లాంచీది తియ్యి.”

“అదీ అంతే బాబాయ్.”

“తియ్యమన్నాను.”

“ఇదిగో.”

“అదీ అంతే.”

“ఇంక చాలు. అక్కడ పెట్టెయ్యండి.”

“ఆవిడకి ఇవి నచ్చేవా?”

“హత్యలంటే భయం పిన్నికి. రక్తం ఉన్న పేజీలొస్తే పుస్తకం దూరంగా పట్టుకుని చదివేది. ప్రేమకథలు చూడరాదా పిన్నీ అన్నాను ఒకరోజు. వాటిలో ఫారం అటూ ఇటూ అయినా ఎవరికీ తెలీదమ్మా, డిటెక్టివ్ కథల్లోనే పట్టుబడిపోతాం అంది.”

“పట్టుబడిపోతాం అందా?”

“అలాగే అంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మొదట్లో మీ పని పోతుందని. కళ్లు మసకబారాయని తెలిస్తే మా నాన్న ఇంకొకర్ని పెడతారని భయపడింది.”

“మీ నాన్న పోయి రెండేళ్లయింది. ఆ తర్వాత?”

“వదిలెయ్యండి బాబాయ్.”

“ఆ తర్వాత?”

“నేనే గట్టిగా అడిగాను. ఎన్నాళ్లిలా, బాబాయిని డాక్టరుకి చూపించుకోమని చెప్పు పిన్నీ, నేను పని ఏమీ తీసెయ్యనులే అన్నాను. అప్పటికే తనకి ఆయాసం. సూది పట్టుకుంటే చెయ్యి వణికేది. చెప్తాననే అంది. ఆయన నాతో మాట్లాడ్డం మొదలెట్టిన రోజే చెప్పేస్తాను అంది. నేను మామూలు అలకే అనుకున్నాను. ఈ వయసులో అలకలేంటని నవ్వాను కూడా. అప్పటికి ఎన్నాళ్లయింది మీరు మాట్లాడక?”

“అది వేరే సంగతి.”

“ఎన్నాళ్లు బాబాయ్?”

“పోయేనాటికి ఏడాదిన్నర.”

“ఒకే ఇంట్లో?”

“ఆ పుస్తకం మూసి నావైపు చూసేదాకా నోరు విప్పకూడదనుకున్నాను. ఆవిడ మూయలేదు. పళ్లెం పెట్టేది, తినేవాణ్ని. సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది, కుట్టేవాణ్ని.”

“తను మాట్లాడేది కాదా?”

“మాట్లాడేది. మొదట్లో చాలా మాట్లాడేది.”

“ఆస్పత్రిలోనో? తొమ్మిది రోజులూ మీరు పక్కనే ఉన్నారు కదా.”

“పక్కనే ఉన్నాను.”

“అక్కడ మాట్లాడే ఉంటారు.”

“అక్కడికీ పుస్తకం తెచ్చుకుంది.”

“బాబాయ్.”

“నువ్వలా చూడకు.”

“కూర్చోండి. రేపు కళ్ల డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. కట్ట కూడా వెనక్కి తెప్పిస్తాను. ఫారాల మీద ఇంతింత అంకెలు నేనే వేసిస్తాను, మీరు కుట్టండి చాలు.”

“వద్దు. వాడి చేతే కుట్టించు.”

“నేను చెప్పకుండా ఉండాల్సింది.”

“చెప్పావు. అయిపోయింది. ఇంక ఈ సంగతి నా దగ్గర ఎత్తకు. నేనూ ఎవరితోనూ ఎత్తను.”

“అలా అనకండి. ఎవరితోనూ మాట్లాడకుండా ఎలా ఉంటారు?”

“మాట్లాడకుండా ఉండటం నాకు బాగా వచ్చు.”